ఒంటరి తల్లి – అప్పుల లెక్క



నేడు నేను మాటలాడదలచిన విషయము వేదాంతము కాదు, కావ్యప్రశంసయు కాదు. అది కేవలము లెక్క. ముప్పదియైదు సంవత్సరములు బడిపిల్లలకు తెలుగు చెప్పితిని. లెక్కల మాస్టరు సెలవు పెట్టిన దినములలో వడ్డీలెక్కలును చెప్పితిని. నల్లబల్లమీద అసలు, కాలము, వడ్డీరేటు అని మూడు మాటలు వ్రాసి, బాలురచేత కంఠస్థము చేయించితిని. ఆ లెక్క ఒక ఇంటిలో ప్రవేశించినప్పుడు దాని రూపమెట్లుండునో నాకు ఉద్యోగవిరమణానంతరముగాని తెలియలేదు. తెలిసినదియు నేను చేసిన పొరపాటువలననే. ఆ పొరపాటు మీకు చెప్పుటకే నేడు వచ్చితిని.

మనుష్యుడు మూడు ఋణములతో పుట్టునని మన పూర్వులు చెప్పిరి: దేవఋణము, ఋషిఋణము, పితృఋణము. యజ్ఞముచేత మొదటిదియు, అధ్యయనముచేత రెండవదియు, సంతానముచేత మూడవదియు తీరునట. ఇవి గాక కాగితముమీద వ్రాలు పెట్టుటచేత పుట్టు ఋణమొకటి కలదు. అది చెల్లించుటచేత మాత్రమే తీరును. అయితే ఎవరు చెల్లింపవలెను? ఎంత చెల్లింపవలెను? భర్త గతించినందువలనగాని, విడిచిపోయినందువలనగాని, ఒంటరిగ బిడ్డలను పెంచుచు, పెండ్లితో మానుకొన్న పనికి మరల వెళ్లుచున్న తల్లి విషయమున ఈ రెండు ప్రశ్నలకును సమాధానము తెలిసికొనుట గ్రామపెద్దలకు అత్యవసరము. ఏలయన, ఆ తల్లి ఇంటి అరుగుమీద మొదట కూర్చుండువారు మనమే. అచ్చట మన నోటనుండి వెడలిన మాట ఆమెకు పది సంవత్సరముల బ్రతుకగును.

మాది తెనాలి ప్రాంతము. మా యూరిలో నా వద్ద చదువుకొన్న బాలిక యొకతె పెండ్లికి పూర్వము రెండు సంవత్సరములు పట్టణములో ఒక ప్రైవేటు పాఠశాలలో చిన్నపిల్లలకు పాఠములు చెప్పినది. పెండ్లియైన పిదప ఉద్యోగము మానినది. భర్త కౌలురైతు. ఇతరుల భూమిలో పసుపు వేసెడివాడు. 2015 డిసెంబరులో పసుపు త్రవ్వించుటకును, వండించుటకును కూలిడబ్బులు చాలక, నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 60,000 రూపాయలు ప్రోనోటుమీద తెచ్చెను. ఆ యేడు పంట కౌలుకే సరిపోయెను. మరుసటియేడు తెగులు తగిలెను. వడ్డీ కట్టలేదు, అసలును కట్టలేదు. 2018 సెప్టెంబరులో ఒకనాటి రాత్రి అతడు గుండెయాగి మరణించెను. ఎనిమిదేండ్ల కుమార్తె, మూడేండ్ల కుమారుడు, చూపు మందగించిన అత్తగారు మిగిలిరి. ఇల్లు మామగారి పేరిటిది. అతని సొంతమని చెప్పదగినది పాత మోటారుసైకిలొక్కటియే.

పెద్దకర్మనాడు భోజనములైన పిదప అప్పిచ్చిన యాయన వచ్చెను. అతడును నా శిష్యుడే. దురుసుమాట ఒక్కటియు ఆడలేదు. నోటును చూపి, "మూడేళ్లు నిండితే ఈ కాగితానికి కాలదోషం పడుతుంది, మాస్టారూ. అమ్మాయి చేత తిరగరాయిస్తే నాకు నిశ్చింత" అనెను. అరుగుమీద అయిదుగురము పెద్దలముంటిమి. చచ్చినవాని మాట నిలువవలెనని ఒకరు, ఊరిలో పరువు ముఖ్యమని యొకరు అనిరి. లెక్క చూచిరి. 60,000 మీద నెలకు 1,800 చొప్పున 33 నెలలకు 59,400 వడ్డీ. అసలుతో కలిపి 1,19,400. పైన ఆరువందలు వేసి 1,20,000 అని సరిపెట్టిరి. నా చేతివ్రాత గుండ్రముగ నుండునని నన్ను వ్రాయమనిరి. నేను వ్రాసితిని. పదునొకండు దినములు సరిగ నిద్రలేని ఆ బాలిక లోపలినుండి వచ్చి, నేను చూపినచోట వ్రాలు పెట్టినది. వ్రాలు పెట్టుచు నా ముఖమువంక చూచినది. మాస్టరుగారు వ్రాసినది గనుక మంచిదే యైయుండునని ఆమె తలచియుండును.

మరుసటి సంవత్సరము జూన్ మాసమున ఆమె తాను పూర్వము పనిచేసిన పాఠశాలలోనే మరల చేరినది. జీతము నెలకు 7,500. జూలైనుండి వితంతు పింఛను 2,250 వచ్చెను. మొత్తము 9,750. అక్టోబరు నెలలో ఒకనాటి సాయంకాలము నోటుబుక్కొకటి పట్టుకొని మా యింటికి వచ్చినది.

"మాస్టారూ, అయిదు నెలలుగా 3,600 చొప్పున కడుతూనే ఉన్నాను. 18,000 కట్టాను. అసలు ఒక్క రూపాయి కూడా తగ్గలేదంటున్నారు. నా లెక్కలో తప్పేమైనా ఉందేమో చూడండి" అనెను.

ఆమె లెక్కలో తప్పు లేదు. 1,20,000 మీద మూడు రూపాయల వడ్డీ నెలకు 3,600. వచ్చు 9,750 లో అది మూడవ వంతునకు మించినది. అది కట్టినంతకాలము అసలు అట్లే నిలుచును. కట్టలేని నెల అసలు పెరుగును. ఆమె జీవితకాలమంతయు కట్టినను తీరని లెక్కను, పెద్దకర్మనాడు, నా గుండ్రని చేతివ్రాతతో నేనే వ్రాసితిని. ఆ రాత్రి నాకు అన్నము సయించలేదు.

అప్పుడు నేను రెండు పనులు చేసితిని. ఇంటనున్న స్మృతిగ్రంథములను తీసితిని; పట్టణమునకు పోయి నా శిష్యుడైన యొక న్యాయవాదిని అడిగితిని. రెండుచోట్లను దొరికిన మాట ఇంచుమించు ఒక్కటియే.

యాజ్ఞవల్క్యుడు వ్యవహారాధ్యాయమున స్త్రీ చెల్లింపవలసిన ఋణములు మూడే అని నియమించెను. తాను ఒప్పుకొన్నది, భర్తతో కూడి చేసినది, తానే చేసినది. వీనికి వెలియైనదానిని ఆమె చెల్లింపనక్కరలేదు. మనువు వడ్డీకి మేర పెట్టెను. ఒక్కసారిగ పుచ్చుకొను వడ్డీ అసలును మించి, మొత్తము రెట్టింపునకు పైబడరాదని ఆయన శాసనము. మనము ధర్మము ధర్మమనుచు అరుగులమీద పలికినదానికిని, ధర్మశాస్త్రములోనున్నదానికిని ఎంత దూరమో చూడుడు. భర్త చేసిన అప్పు ఆమెది కాదు. పెద్దకర్మనాడు మేము ఆమెచేత "ఒప్పుకొన్నది" అను మొదటి తెగలోనికి దానిని చేర్పించితిమి. అసలుతో సమానమైన వడ్డీని అసలులో కలిపి, ఆ వడ్డీకి మరల వడ్డీ పుట్టునట్లు చేసితిమి.

నేటి చట్టము చెప్పునదియు వినుడు. మృతుని అప్పునకు వారసులు అతడు విడిచిపోయిన ఆస్తి తమకు సంక్రమించినంతమేరకే బాధ్యులు. భార్య తన కష్టార్జితమునుండి, తన జీతమునుండి, తన పుట్టింటి సొమ్మునుండి దానిని తీర్చవలెనన్న నియమము లేదు. ఆమె స్వయముగ నోటుమీదగాని, హామీదారుగాగాని వ్రాలు పెట్టియుండినప్పుడు మాత్రము బాధ్యత కలుగును. కుమారుడు తండ్రి ఋణమును పుత్రధర్మముగ తీర్చితీరవలెనన్న పాత న్యాయమును 2005 నాటి హిందూ వారసత్వ సవరణచట్టము ఆ పిదప చేసిన అప్పుల విషయమున తొలగించెను. ప్రోనోటునకు వ్రాసిన తేదీనుండి మూడేండ్ల గడువు. ఆ లోపల చెల్లు వ్రాసి వ్రాలు పెట్టినను, బాకీ ఉన్నదని వ్రాతమూలమున ఒప్పుకొన్నను గడువు మరల మొదటినుండి లెక్కకు వచ్చును. అప్పిచ్చినవాడు పెద్దకర్మనాడే తొందరపడుటకు కారణమిదియే. మా కథలో మూడేండ్లు నిండుటకు అప్పటికి మూడు నెలలే గడువుండెను.

దీనివలన చచ్చినవాని అప్పు ఎగవేయుడని నేను చెప్పుటలేదు. అప్పిచ్చినవాని సొమ్మును కష్టార్జితమే. ఇచ్చినది తిరిగిరాకున్నచో రేపు మరియొక కౌలురైతునకు కూలిడబ్బులు పుట్టవు. నేను చెప్పునది ఒక్కటే: ఎవరి బాధ్యత ఎంతయో తెలిసిన పిదప, మనసు కుదుటపడిన పిదప, ఆమె తన ఇష్టముచేత ఎంత ఒప్పుకొనునో అదియే ఆమె ఋణము. తెలియక, దుఃఖములో, పదిమంది పెద్దల యెదుట పెట్టిన వ్రాలు న్యాయస్థానములో చెల్లవచ్చును; మన మనస్సాక్షియెదుట చెల్లదు.

నేను అప్పిచ్చిన శిష్యునివద్దకు పోయితిని. "నేనేం మోసం చేశాను, మాస్టారూ? ఊళ్లో అందరూ ఇచ్చే వడ్డీకే ఇచ్చాను. నా సొమ్ము మూడేళ్లు చిక్కుబడింది కాదా?" అనెను. అతని మాటలో అసత్యము లేదు. నేను లెక్క మాత్రము అతని ముందు పెట్టితిని. నూటికి మూడు రూపాయలనగా సంవత్సరమునకు 36 రూపాయలు. మనము నెలవడ్డీ చెప్పుకొనుటచేత అది చిన్నదిగ తోచును. బంగారము కుదువబెట్టినచో బ్యాంకువారు సాధారణముగ రూపాయి వడ్డీకి లోపుగనే అప్పిత్తురు. "ఆ యిల్లాలు నీకు నెలనెల వడ్డీ కట్టుచు, పచారీ కొట్టులో నెలనెల క్రొత్త అప్పు చేయుచున్నది. ఒకనాడు రెండును ఆగిపోవును. అప్పుడు నీ చేతిలో కాగితము మిగులును, ఆమె చేతిలో బిడ్డలు మిగులుదురు" అని చెప్పితిని. మొదటి దినము అతడు ఒప్పుకొనలేదు. రెండవ పర్యాయము ఆనాటి అయిదుగురు పెద్దలమును కలిసి పోయితిమి. నేనే పాతనోటు వ్రాసితినని, అది నా తప్పని అందరియెదుట చెప్పితిని.

తుదకు కుదిరినది ఇది. అసలు 60,000. దానిమీద 33 నెలలకు రూపాయి వడ్డీ చొప్పున 19,800. మొత్తము 79,800, దానిని 80,000 అనుకొంటిమి. ఆమె అప్పటికే కట్టిన 18,000 పోగా 62,000. దానిపై ఇక వడ్డీ లేదు. నెలకు 2,000 చొప్పున 31 నెలలు. పాతనోటుమీద రద్దు వ్రాసి చింపించితిమి. క్రొత్త కాగితముమీద ప్రతి చెల్లును తేదీతోను, ఇరువురి వ్రాళ్లతోను వ్రాయుటకు ఏర్పాటుచేసితిమి. నోటుమీద చెల్లు వ్రాయించుకొనక చేతిలో పెట్టిన డబ్బు గాలిలో పెట్టిన దీపమని మీరెరుగుదురు.

ఇక మిగిలిన అప్పులు. నోటుబుక్కులో ఒక పుట నిండ గడులు గీయించితిని. ఎవరివద్ద తెచ్చినది, ఎప్పుడు తెచ్చినది, అసలెంత, వడ్డీ యెంత, ఎవరు వ్రాలు పెట్టిరి, ఏది తాకట్టులోనున్నది అని ఆరు గడులు. ఆ గడులు నింపుటకు రెండు సాయంకాలములు పట్టెను. కొన్ని అప్పులు ఆమెకే సరిగ గుర్తులేవు. గుర్తులేని అప్పు గుర్తున్న అప్పుకంటె ఎక్కువ భయపెట్టును. కాగితముమీద పడిన పిదప అది తన కొలతకు దిగివచ్చును.

లెక్కలో తేలినవి నాలుగు. పట్టణములో ఒక కుదువకొట్టున గొలుసు, గాజులు పెట్టి తెచ్చిన 40,000. రెండు రూపాయల వడ్డీ, నెలకు 800. పొదుపు సంఘములో తన పేరిట తెచ్చిన బాకీ; వాయిదా నెలకు 1,500. పచారీ కొట్టు పద్దు 6,000. అన్నగారివద్ద కర్మఖర్చులకు తెచ్చిన చేబదులు 25,000, వడ్డీ లేదు.

ఏది ముందు తీర్పవలెను? లోకమున బిగ్గరగ అడుగువానికి ముందు కట్టుట వాడుక. అది తప్పు. ముందుగ ఆపవలసినది అధికవడ్డీ. అన్నగారు ఒక్క దినమునకు డబ్బు సర్దగా, గొలుసు, గాజులు విడిపించి, ఆ మధ్యాహ్నమే బ్యాంకులో పెట్టించితిమి. నెలకు 800 పోవుచోట మూడువందల యేబదికి లోపుగ సరిపోయెను. అన్నగారి డబ్బు ఆ సాయంకాలమే ఆయనకు చేరెను. పొదుపు సంఘము వాయిదా ఒక్కనాడును తప్పరాదని చెప్పితిని. ఏలయన ఆ అప్పులో తోడి స్త్రీలందరి మాటయు ముడివడి యున్నది; అచ్చట నమ్మకము చెడినచో రేపు బిడ్డ చదువుకు తక్కువవడ్డీకి అప్పు పుట్టుచోటు మూతపడును. మన దేశమున ఈ సంఘములను బ్యాంకులతో కలుపు పద్ధతిని నాబార్డు 1992 లో ఆరంభించెను. మన తెలుగునాట అది వ్రేళ్లూనినంతగ మరెచ్చటను వ్రేళ్లూనలేదన్నను అతిశయోక్తి కాదేమో. పచారీ కొట్టునకు నెలకు 500 కట్టి, ఇక నగదుకే సరకులు తెచ్చుకొనుట. అన్నగారి చేబదులు చివర. ఆయనకు ఆ మాట ముందే చెప్పుట. బంధువులకు కోపము వచ్చునది ఆలస్యమువలన కాదు, మాట చెప్పకపోవుటవలన.

లెక్క కట్టితిమి. నోటునకు 2,000, బ్యాంకునకు 350, సంఘమునకు 1,500, కొట్టునకు 500, మొత్తము 4,350. వచ్చునది 9,750. మిగులునది 5,400. అందులో 400 పోస్టాఫీసులో దాచి, 5,000 తో ఇల్లు. "అప్పులుండగా దాపుడెందుకు, మాస్టారూ?" అని ఆమె యడిగెను. చేత చిల్లిగవ్వ లేని యింటికి జ్వరము వచ్చినచో ఆనాడే క్రొత్త అప్పు పుట్టునని చెప్పితిని. కూతురు ప్రభుత్వపాఠశాలలోనే చదువుచున్నది, మధ్యాహ్నభోజనము అచ్చటనే. కుమారుని అంగన్‌వాడీలో వేసితిమి. అచ్చటినుండి వచ్చిన పిదప నాయనమ్మ చూచును.

పనికి మరల వెళ్లుటలోనున్న ఖర్చును మనము లెక్కింపము. బస్సుఛార్జీ కావలెను. పదిమందిలోనికి పోవుటకు రెండు చీరలు కావలెను. బిడ్డను చూచువారు కావలెను. అన్నిటికంటె మించినది, మొదటి జీతము చేతికి వచ్చుట. ఆమె జూన్ నెల నడుమ చేరెను. మొదటి జీతము ముట్టుటకు నలువది దినములు పట్టెను. పచారీ కొట్టు పద్దులో సగము ఆ నలువది దినములలో పుట్టినదే. ఒంటరి తల్లికి మనము నిజముగ సాయము చేయదలచినచో, చేయవలసినది ఆ నలువది దినములలోనే. బియ్యముబస్తా యొకటి, బస్సుఛార్జీ కొంత, వడ్డీలేని చేబదులు. ఆ పిదప చెప్పు వేయి నీతులకంటె అది మేలు.

సాగుచున్న లెక్కకు 2020 మార్చిలో విఘ్నము వచ్చినది. కరోనావ్యాధి కారణముగ పాఠశాలలు మూతపడెను. ప్రైవేటు పాఠశాలలలో పనిచేయువారు అనేకులకు జీతములు ఆగిపోయెను. ఆమెకును ఆగెను. నోటుమీద అప్పటికి అయిదు చెల్లులు పడి, 52,000 మిగిలియుండెను. మేము మరల అప్పిచ్చినవానివద్దకు పోయితిమి. ఈ సారి అతడే ముందుగ, "బడి తెరిచేదాకా నేనడగను, మాస్టారూ" అనెను. సంతోషించితిమి. రిజర్వు బ్యాంకు ఆ సంవత్సరము మార్చినుండి ఆగస్టువరకు బ్యాంకు వాయిదాలకు గడువిచ్చుటకు అనుమతించెను. కాని గడువన్నచో మాఫీ కాదు. ఆ నెలల వడ్డీ పెరుగుచునే యుండును. అందువలన వీలైనప్పుడు బ్యాంకువడ్డీ మాత్రము కట్టుచుండుమని ఆమెకు చెప్పితిని. ఆమె అత్తగారి పాత కుట్టుమిషను దించి, రవికలు కుట్టినది. పోస్టాఫీసులో దాచిన 2,000 రూపాయలు మందులకు సరిపోయెను. అంత కొద్దిసొమ్మే యైనను, ఆ నెలలలో ఆ యింట క్రొత్త అప్పు పుట్టలేదు.

2021 ఆగస్టులో పాఠశాలలు తిరిగి తెరచిరి. సెప్టెంబరునుండి మరల 2,000 చొప్పున 26 నెలలు కట్టి, 2023 అక్టోబరులో ఆమె కడపటి చెల్లు వ్రాయించుకొన్నది. నేను వ్రాసిన పాతనోటు ప్రకారము నడచినచో ఆ 31 వాయిదాల కాలములో ఆమె కట్టవలసినది వడ్డీయే 1,11,600. అసలు 1,20,000 కదలక అట్లే నిలిచియుండెడిది. కడపటి చెల్లుమీద సాక్షివ్రాలు నేనే పెట్టితిని. ఆనాడు నా చేయి వణకెను. వయసువలననని అందరును అనుకొనిరి.

పెద్దలారా! ఈ కథనుండి మనము పట్టుకొనవలసిన నియమములు కొన్ని చెప్పెదను.

మొదటిది. మైలదినములలో ఏ కాగితముమీదను ఆ యిల్లాలిచేత వ్రాలు పెట్టింపకుడు. పెద్దకర్మ భోజనపంక్తిని పంచాయతీగా మార్పకుడు. అప్పిచ్చినవారు వచ్చినచో మర్యాదగ కూర్చుండబెట్టి, కాగితముల నకళ్లు తీసికొని, రెండు నెలలు గడువడుగుడు. గడువు మించి కాలదోషము పట్టునని వారు శంకించినచో న్యాయవాదులిరువురును మాటలాడుకొందురు. స్త్రీలకు, వారి ఆదాయమెంతయైనను, ఉచిత న్యాయసహాయము పొందు హక్కును 1987 నాటి న్యాయసేవల చట్టము ఇచ్చినది. మండల న్యాయసేవాసంఘమునకు ఒక అర్జీ పెట్టుట చాలును. లోక్ అదాలత్తులో రాజీ కుదిరినచో కోర్టుఖర్చులును తప్పును.

రెండవది. గతించినవాని బ్యాంకుపుస్తకము చూడుడు. ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమా 2015 లో వచ్చినది. సంవత్సరమునకు మొదట 330 రూపాయలు, 2022 జూన్ నుండి 436 రూపాయలు ఖాతానుండి పట్టుదురు. మరణించినచో వారసులకు 2,00,000 వచ్చును. నా శిష్యురాలి భర్త ఖాతాలో 2016 లోను, 2017 లోను ఆ 330 పట్టిరి. 2018 మే నెలలో ఖాతాలో డబ్బు లేక పట్టలేదు. నాలుగు నెలలకు అతడు పోయెను. 330 రూపాయలు! ఆ పుటను నేను ఎన్నిమారులు త్రిప్పి చూచితినో! మీ యూరిలో ఖాతాలున్న ప్రతివానిని మే నెల చివర ఆ కొద్దిసొమ్ము ఖాతాలో ఉంచుకొమ్మని హెచ్చరింపుడు. మరియు బ్యాంకుల, ఋణసంస్థల అప్పులలో కొన్నిటికి బీమా కలిపియుండును. అట్టిచో అప్పు తీసికొన్నవాడు పోయినచో బాకీని బీమాయే తీర్చును. కట్టుటకు ముందు ఆ మాట అడుగుడు.

మూడవది. బెదిరింపులకు లొంగకుడు. డబ్బు డిక్రీకై స్త్రీని నిర్బంధించి జైలులో పెట్టుట చట్టమున నిషేధింపబడినది. వంటపాత్రలు, కట్టుబట్టలు, పడకసామాను, పనిముట్లు, మతాచారముచేత స్త్రీ తీయరాని మంగళసూత్రాదులు కోర్టువారు సైతము జప్తు చేయరాదు. కోర్టుకే లేని అధికారము వాకిటికి వచ్చిన గుమాస్తాకు ఎచ్చటినుండి వచ్చును?

నాలుగవది. చిన్న ఋణసంస్థల విషయము. 2010 లో మన రాష్ట్రమున ఆ వసూళ్ల పీడచేత జరిగిన దుర్ఘటనలును, ప్రభుత్వము అత్యవసరశాసనము చేయుటయు మీరు మరచియుండరు. 2022 ఏప్రిల్ నుండి రిజర్వు బ్యాంకు నియమములు దేశమంతటికిని ఉన్నవి. ఒక కుటుంబము కట్టు వాయిదాలన్నియు కలిపి దాని నెలరాబడిలో సగమునకు మించునట్లు ఈ సూక్ష్మఋణములు ఇయ్యరాదు. ఉదయము తొమ్మిదిగంటలకు ముందు, సాయంకాలము ఆరుగంటలకు పిదప వసూలుకు పిలువరాదు. సగమనునది ఇచ్చువారికి పెట్టిన గట్టు; అంతవరకు అప్పుచేయుమని మనకిచ్చిన అనుమతి కాదు. ఒక్క సంపాదనమీద నడచు ఇంటికి మూడవవంతే మేలు. మా లెక్క దానిని మించినది. అందుచేతనే ఆ యిల్లు అంత కష్టపడినది. ఇక సెల్‌ఫోనులో అయిదు నిమిషములలో అప్పిచ్చు యాప్‌లు కలవు. కొన్ని మోసపు యాప్‌లవారు ఫోనులోని ఛాయాచిత్రములను, బంధువుల నంబర్లను లాగికొని, పరువు తీయుదుమని బెదిరింతురు. అట్టి ఆపద వచ్చినచో సిగ్గుపడి దాచక, 1930 అను నంబరునకు ఫోనుచేసి ఫిర్యాదు చేయవలెను. సిగ్గే వారి పెట్టుబడి.

అయిదవది. భర్త బ్రతికియుండి విడిచిపోయిన తల్లి. ఆమె దుఃఖమునకు మన యూళ్లలో పెద్దకర్మయు లేదు, పరామర్శయు లేదు. అతడు చేసిన అప్పులవారు మాత్రము ఆమె గుమ్మమునకే వత్తురు. ఆమె వ్రాలు లేని నోటునకు ఆమె బాధ్యురాలు కాదని మనము గట్టిగ చెప్పవలెను. తనకును, బిడ్డలకును భరణము కోరు హక్కు ఆమెకు కలదు. 2024 జూలై నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షాసంహితలో 144 వ సెక్షను అందుకొరకే యున్నది. భార్య పోయి బిడ్డలతో మిగిలిన తండ్రియు కొన్ని ఇండ్లలో కలడు. అతడును వంటయు, పనియు, అప్పును ఒంటిచేతితో మోయుచున్నాడు. మగవాడు గదా యని అతనిని ఎవరును అడుగరు. అడుగుడు.

నిప్పునందును, పగయందును, అప్పునందును శేషము ఉంచరాదని పెద్దలు చెప్పుదురు. ఆ మాట చెల్లింపవలసినవానికే కాదు, లెక్క వ్రాయువానికిని వర్తించును. నేను వ్రాసిన తప్పులెక్క శేషము నాలో అయిదేండ్లుండెను. నేటికిని కొంత మిగిలియున్నదేమో; అందువలననే మీయెదుట చెప్పుకొంటిని.

మొన్న సంక్రాంతికి ఆ శిష్యురాలు మా యింటికి వచ్చినది. ఆమె కూతురిప్పుడు కళాశాలలో చేరినది. గొలుసు, గాజులు బ్యాంకునుండి విడిపించినదట. పాత నోటుబుక్కు తెచ్చి చూపినది. చివరి గడిలో అన్నగారి 25,000 లో 10,000 ఇంకను మిగిలియున్నవి. "ఇదొక్కటే ఉంది, మాస్టారూ. ఈ ఏడు తీరిపోతుంది" అనెను. ఆ పుట అడుగున ఆమె కూతురు తన చేతివ్రాతతో కూడిక వేసి చూచుకొన్నది. కూడిక సరిగనే యున్నది.

మీ యూరిలోను అట్టి నోటుబుక్కు అవసరమైన ఇల్లు ఒకటియైనను ఉండును. పిలువకయే పొండు. ముందు లెక్క చూడుడు, పిదప మాట చెప్పుడు. కలము మాత్రము తొందరపడి పట్టకుడు.